గీత దాటిన చెరుకు రసం

ఆ రోజుల్లో నిజామాబాదులో చదరంగం ఇద్దరాడే ఆట అని ఎవరైనా అంటే మేము పడీ పడీ నవ్వేవాళ్లం. బస్టాండుకు కాస్త అవతల మేము రోజూ చేరే చాయ్ హోటల్లో ఒక్క బోర్డు చుట్టూ తక్కువలో తక్కువ పదిమంది ఉండేవాళ్లు. కూర్చున్న ఇద్దరివీ చేతులు మాత్రమే, బుర్రలన్నీ నిలబడ్డవాళ్లవి. నోరు తెరిచి ఎత్తు చెప్పడం తప్పు కాబట్టి (మాకూ నీతులున్నాయి) సైగలు పుట్టాయి. "చాయ్‌ల చక్కెర తక్వైంది" అని ఎవరైనా అంటే గుర్రాన్ని కదపమని అర్థం. గ్లాసు మీద చెంచాతో కొడితే ఏనుగును ముందుకు తొయ్యమని. ఎదుటివాళ్లు కనిపెడితే సైగలు మార్చేవాళ్లం. మార్చిన సంగతి మావాళ్లే మరిచిపోయేవాళ్లు. ఒకసారి నిజంగానే చాయ్‌లో చక్కెర తక్కువైన ఒక పెద్దమనిషి మూలంగా నేను బంగారంలాంటి గుర్రాన్ని పోగొట్టుకున్నాను. అలాంటి బడిలో చదువుకున్నవాణ్ణి కనుక, డిగ్రీ పూర్తయ్యేనాటికి నాకు రెండు విద్యలు బాగా వంటబట్టాయి. ఒకటి ఆట, రెండోది అనుమానం. పక్కన ఎవరైనా దగ్గితే పాపం జలుబేమో అని అందరూ అనుకుంటారు. నేను మాత్రం ఎవరి కోసం దగ్గాడా అని చూసేవాణ్ణి.

ఈ రెండో విద్య మా ఇంట్లో నాకంటే ముందు మా బాపుకు ఉండేది. కమ్మర్‌పల్లి దిక్కు పసుపు పండించే రైతు ఆయన. నేను నిజామాబాదులో గది తీసుకుని, ఉద్యోగమూ సద్యోగమూ లేకుండా పొద్దస్తమానం చెస్సు ఆడుతున్నానంటే ఆయనకు నమ్మకం కుదరలేదు. చెస్సు పేరు చెప్పి వీడు పేకాటకు దిగాడనో, ఏ పిల్ల వెంటనో తిరుగుతున్నాడనో ఆయన లెక్క. "పొద్దంత కూసోని ఆడేది ఆటెట్లయితదిరా? ఆటంటె చెమట రావాలె" అనేవాడు. అటు మా మేనమామకు మార్కెట్ యార్డు దగ్గర పసుపు దుకాణం ఉంది. అందులో నాకోసం ఒక కుర్చీ ఎప్పటినుంచో ఖాళీగా ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. సరిగ్గా అప్పుడే బోధన్‌లో జిల్లా ర్యాపిడ్ చెస్ పోటీ పడింది. గెలిచినవాళ్లు రాష్ట్ర పోటీకి హైదరాబాద్ వెళ్తారు. ఆ మాట చెప్పగానే బాపు బేరం పెట్టాడు. "గెల్సినవనుకో, ఇంకో యాడాది నీ ఇష్టం, నేనేం అడ్గ. ఓడినవా, సోమారం సంది మామ దుకాన్ల కూసోవాలె. మల్ల నోరు లేవద్దు." నేను సరేనన్నాను. "నేను గూడ వస్త. నా కండ్లతోని సూస్త" అన్నాడు. అదీ సంగతి! గెలవనివ్వకుండా చూడ్డానికే వస్తున్నాడని నాకు ఆ క్షణాన్నే అనుమానం తగిలింది.

పోటీ ఒక ఫంక్షన్ హాల్లో. ఆషాఢమాసం కావడంతో పెళ్లిళ్లు లేక హాలు ఖాళీగా దొరికింది. నిర్వాహకుడు ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కనుక పిల్లలు 'సీటీ సారు' అనేవాళ్లు. జిల్లాలో అన్ని ఆటలకూ ఆయనే పెద్ద, ప్రాణం మాత్రం కబడ్డీ. వచ్చీ రాగానే అందరి ఫోన్లూ ఒక ప్లాస్టిక్ బకెట్లో వేయించాడు. ఫోన్లో చూసి ఎవరూ దొంగ ఎత్తులు వేయకూడదని. నాకు నవ్వొచ్చింది. దొంగతనానికి ఫోను దేనికి? చెంచా చాలదూ?

పొద్దుటి నుంచీ ఆడి ఆడి, మధ్యాహ్నం దాటేసరికి ఫైనల్లో ఇద్దరం మిగిలాం. నేను, బోధన్‌లో లెక్చరర్‌గా పనిచేసే 'గోడ సారు'. ఆయన ఆట గోడలా ఉంటుందని, ముఖం కూడా అలాగే ఉంటుందని ఆ పేరు. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. అప్పటికి నేను ఆయనతో రెండుసార్లు ఆడాను. ఒకసారి నేను గెలిచాను, ఒకసారి ఆయన. గెలిచినప్పుడూ ఓడినప్పుడూ ఆ ముఖంలో తేడా లేదు. అది కూడా నాకు అనుమానమే.

ఫైనల్ అందరికీ కనపడాలని సీటీ సారు మా బల్లను స్టేజీ ఎక్కించాడు. స్టేజీ మీద ఉన్నవి రెండే కుర్చీలు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే ఎర్ర మఖ్మల్ సింహాసనాలు! నా వంతుకు పెళ్లికూతురి కుర్చీ వచ్చింది (చేతులు పెట్టుకునే చోట నెమళ్లుంటాయి). కూర్చోగానే లోపలికి దిగబడిపోయాను. బోర్డు నా గడ్డం ఎత్తుకు వచ్చింది. వెనక ఎవరి పెళ్లిదో వాడిపోయిన పూల తోరణం వేలాడుతోంది. కింద ముందు వరసలో ఒక పక్క మా బాపు, భుజం మీద కండువాతో. రెండో పక్క గోడ సారు భార్య, ఒళ్లో టిఫిన్ డబ్బాతో. చెరి పదిహేను నిమిషాల ఆట. గడియారం అయిపోతే ఎంత గెలిచే ఆటైనా ఓడినట్టే. సీటీ సారు విజిల్ ఊదాడు.

మొదటి ఎత్తులు చకచకా పడ్డాయి. బల్ల మీద ఒంటెలూ గుర్రాలూ బయటికొచ్చాయి, మంత్రులు ఎదురెదురుగా నిలిచాయి. అప్పుడు నా కన్ను ఎందుకో కిందికి పోయింది. గోడ సారు భార్య అయిదు వేళ్లూ ముడిచి నోటి దగ్గర పెట్టుకుని ఆయన వైపు చూస్తోంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ వెంటనే నా బంటును కొట్టాడు. కాసేపటికి ఆమె రెండు వేళ్లు చూపించింది. ఆయన ఏనుగును రెండో వరసకు తెచ్చాడు. ఇంకేం కావాలి? హోటల్లో ఇన్నేళ్లు పండినవాణ్ణి, నాకే సైగలా! నోటి దగ్గర వేళ్లంటే కొట్టమని, రెండు వేళ్లంటే రెండో వరస, మణికట్టు మీద తడితే తొందరగా దాడి చెయ్యమని... చూస్తుండగానే మొత్తం భాష నాకు అర్థమైపోయింది. ఆ సైగల ప్రకారం రాబోయే ఎత్తులకు ముందుగానే అడ్డం పెట్టసాగాను. విచిత్రం ఏమిటంటే ఆ ఎత్తులు ఒక్కటీ రాలేదు. దారిన పోయే ఒక బంటును ఆయన ఊరికే వదిలేస్తే కూడా నేను తీసుకోలేదు. అంత మంచివాడా ఆయన? ఇది వల, అనుకుని నిమిషాలకు నిమిషాలు దాని వైపే చూస్తూ కూర్చున్నాను.

అవతల గోడ సారు కూడా ఎందుకో తడబడుతున్నాడు. నేను ఎడమ పక్క మామూలు ఎత్తు వేస్తే, ఆయన కుడి పక్క రాజు చుట్టూ కోట కట్టుకుంటున్నాడు. నేను వేసిన దానికీ ఆయన జవాబుకూ సంబంధం లేదు. మాటిమాటికీ కింద మా బాపు వైపు చూస్తున్నాడు. మా బాపు కండువా ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంటున్నాడు. ఇద్దరం జిల్లాలో మొనగాళ్లమని పేరు. ఆ పది నిమిషాల్లో మేమాడిన ఆట హోటల్లో ఎవరైనా ఆడుంటే చాయ్ కూడా పోసేవాళ్లు కాదు.

ఆమె మళ్లీ రెండు వేళ్లు చూపింది. నేనిక ఆగలేక చెయ్యెత్తాను. "సార్! కంప్లెయింట్!"

విచిత్రంగా అదే క్షణంలో గోడ సారు కూడా చెయ్యెత్తాడు. "నాది గూడ కంప్లెయింట్!"

సీటీ సారు గడియారం ఆపి స్టేజీ ఎక్కాడు. "ఒక్కలొక్కలు చెప్పున్రి. ఏమైంది?"

"మేడమ్ సైగలు చేస్తున్నది సార్" అన్నాను.

"వాళ్ల బాపు కండువతోని చెప్తున్నడు" అన్నాడు గోడ సారు.

హాలంతా గొల్లుమంది. బాపు లేచి నిలబడ్డాడు. ముఖం జేవురించింది. "నేను చెప్పుడేంది? నాకు అండ్ల గుర్రమేదో గాడ్దేదో తెల్వది! యాభై ఏండ్లొచ్చినంక నన్ను దొంగను జేస్తరా?" అన్నాడు. గోడ సారు భార్య కూడా లేచింది. "అయ్యో, సైగలు కాదు సారూ, ఆయనకు పొద్దుగాల సుది..." అని ఏదో చెప్పబోయింది. గోడ సారు గభాలున అందుకుని, "నువ్వు ఊకో. బయటికి పో" అని చెయ్యూపాడు. చూశారా, కుట్ర బయటపడేసరికి నోరు మూయిస్తున్నాడు అనుకున్నాను. సీటీ సారుకు ఇలాంటివి కొత్త కాదు. జేబులోంచి సుద్దముక్క తీసి, హాలు గుమ్మం దగ్గర ఈ చివర నుంచి ఆ చివరిదాకా గీత గీశాడు, అచ్చం కబడ్డీ బరిలో గీసినట్టు. "ఇద్దరు బయటికి! ఆట అయ్యేదాక ఎవలొచ్చినా సరే, వాళ్ల దిక్కు ఆడెటోడు ఔట్! గంతే!" అన్నాడు. బాపు నా వైపు ఒకసారి చూసి బయటికి నడిచాడు. నేను ఆయన్ని వెనకేసుకు రాలేదు. నిజం చెప్పాలంటే ఆ కండువా మీద నాక్కూడా కొంచెం అనుమానం కలిగింది, నన్ను ఓడించే సైగలేమోనని.

వాళ్లిద్దరూ వెళ్లాక ఆట ఆటలా నడిచింది. ఇప్పుడు చూసేందుకు బోర్డు తప్ప ఏమీ లేదు కదా! నేను వదిలేసిన బంటును తీసుకున్నాను. అది వల కాదు, ఏమీ కాదు, ఉత్త బంటు. మంత్రులు పోయాయి, గుర్రాలు పోయాయి. చివరికి చెరో ఏనుగు, కొన్ని బంట్లు మిగిలాయి. నా బంటు ఒకటి అవతలి గట్టుకు రెండడుగుల దూరంలో ఉంది. అది గట్టెక్కితే మంత్రి అవుతుంది, నా ఏడాది నాకు దక్కుతుంది. మార్కెట్ యార్డులో ఆ కుర్చీ అలాగే ఖాళీగా ఉంటుంది. నెమళ్ల మీద చేతులు వేసి హాయిగా వెనక్కి వాలాను.

అప్పుడు చూశాను, గోడ సారుకు చెమటలు పడుతున్నాయి. పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది, అయినా చొక్కా తడిసింది. చెయ్యి వణుకుతోంది. ఓడిపోతున్నాడు కదా, ఇప్పుడు డ్రామా మొదలైంది అనుకున్నాను. గడియారం ఆపించి ఊపిరి తీసుకునే ఎత్తు! హోటల్లో ఒకాయన ఓడిపోయే ప్రతిసారీ కడుపునొప్పి అని మెలికలు తిరిగేవాడు, ఇది దానికి అన్న. నేను జాలిపడే రకం కాదని తెలియాలని టకటకా ఎత్తు వేసి గడియారం నొక్కాను. ఆయన చాలాసేపు బోర్డు వైపు చూసి, చెయ్యి చాచి, నా ఏనుగును పట్టుకున్నాడు. నల్లదీ తెల్లదీ తేడా తెలియనట్టు దాన్నే నాలుగు గళ్లు జరిపి వదిలాడు.

"సార్! నా ఏనుగును కదిపిండు!" అని కుర్చీలోంచి లేవబోయాను. మఖ్మల్ వదల్లేదు. అటూ ఇటూ గింజుకుంటుండగా గుమ్మం దగ్గర కేకలు వినిపించాయి. మా బాపు! చేతిలో పెద్ద గ్లాసు నిండా చెరుకు రసం, నురుగు తొణుకుతోంది. వెనకాలే "ఆయనకు షుగర్ ఉన్నది సారూ!" అని అరుస్తూ గోడ సారు భార్య పరుగెత్తుకొస్తోంది, గీత దగ్గరికొచ్చి ఆగిపోయింది. బాపు ఆగలేదు. సీటీ సారు విజిల్ ఊదాడు. బాపు గీత దాటాడు. మళ్లీ విజిల్. బాపు స్టేజీ ఎక్కాడు. నేను "బాపూ, రాకు, ఔటయిత!" అని అరిచాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు.

"తాగు సారూ. ముందు గిది తాగు" అంటూ గోడ సారు తల వెనక చెయ్యి పెట్టి గ్లాసు నోటికి ఆనించాడు.

"అరే, షుగర్ ఉన్నోనికి చెరుకు రసం పోస్తున్నడు, సంపుతడా ఏంది!" అని కిందినుంచి ఎవరో అరిచారు.

"షుగర్ ఉన్నందుకే పోస్తున్న! నీకేం తెల్వది, నోరు మూసుకో!" అని బాపు అంతకంటే గట్టిగా అరిచాడు.

జరిగింది ఇదీ. గోడ సారుకు చక్కెర జబ్బు. పొద్దున ఇంజెక్షన్ వేసుకున్నాక వేళకు తినాలి. ఆటల హడావిడిలో తినలేదు, ఒంట్లో చక్కెర పడిపోతోంది. కాలేజీలో ఎవరికీ ఈ సంగతి తెలియనివ్వని మనిషి కనుక నలుగురిలో నోరు విప్పలేదు. బయట మెట్ల మీద కూర్చుని ఆయన భార్య ఏడుస్తూ చెబితే బాపు విన్నాడు. డబ్బాలో ఉన్నవి చపాతీలు, ఇప్పుడవి పనికిరావు, తొందరగా తీపి పడాలి అందామె. ఎదురుగానే చెరుకు రసం బండి. అంతే.

కాసేపటికి గోడ సారు ముఖంలోకి రంగు వచ్చింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. సీటీ సారు కూడా చెమట తుడుచుకుని, మెల్లగా నా దగ్గరికి వచ్చి, "నీ మనిషి గీత దాటిండు తమ్మీ. నువ్వు ఔట్" అన్నాడు. గోడ సారు లేవబోతూ, "అట్లెట్ల సార్? అది నేను ఓడిపోయిన ఆట" అన్నాడు. "అది మీ ఇష్టమా? గీత గీసింది నేను" అన్నాడు సీటీ సారు. గట్టుకు రెండడుగుల దూరంలో నిలబడిపోయిన నా బంటును చూస్తే నాకు ఏడుపొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నా కోపం బాపు మీదే. కావాలనే చేశాడు, దుకాణంలో కూర్చోబెట్టడానికే చేశాడు అనుకున్నాను. ఒక మనిషి ప్రాణం నిలిపినవాడి మీద అంతకంటే నీచమైన అనుమానం ఇంకోటి ఉంటుందా? నాకు అదే కలిగింది మరి!

సాయంత్రం బస్టాండులో నిలబడి ఉంటే గోడ సారు భార్యతో సహా మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. బాపు చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "తమ్మీ, ఒక్కటడుగుత, నిజం చెప్పు. మీ బాపు కండువ కుడి భుజం మీదికొస్తే కుడి దిక్కు దాడి. అంతేనా? ఆ కోడ్ పట్టుకునే నేను కోట కట్టుకున్న. నువ్వేమో ఆ దిక్కు రానే రాకపోతివి."

"కోడ్ లేదు, ఏం లేదు సార్. మరి అక్క రెండు వేళ్లు చూపెట్టుడు? నేను రెండో వరస అనుకున్న."

"రెండు బిస్కెట్లు తినుమన్ననయ్యా!" అని ఆమె నెత్తి కొట్టుకుంది. "జేబుల పెట్టిచ్చిన. తింటే నలుగురు అడుగుతరట. ఇగో, ఇప్పటికీ అట్లనే ఉన్నయి." ఆయన జేబులోంచి పొడి పొడిగా మారిన బిస్కెట్లు తీసి చూపించింది. అప్పుడు నవ్వాడు గోడ సారు. నేను చూడడం అదే మొదటిసారి. ముందు పళ్ల మధ్య సందు ఉంది, అందుకే నవ్వడేమో అని నాకు వెంటనే అనుమానం వచ్చింది.

బస్సు చెరుకు తోటల మధ్య నుంచి పోతోంది. బాపు కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేను లోపటికి రాకపోతే గెలుస్తుంటివా?" అన్నాడు.

"ఆ. ఇంక రెండు అడుగులే ఉండె" అన్నాను ముక్తసరిగా. "నువ్వు గీత సూడలేదా?"

"సూసిన. ఐతే? మనిషి పోతుంటే గీత సూసుకుంట కూసుంటమా?" అన్నాడు. తర్వాత కండువా తీసి ఒళ్లో పెట్టుకుని, "కొడుకా, కండువ ఎందుకు మార్చిన్నో నాకే ఎరుక లేదురా. నువ్వు ఓడిపోతవేమోనని ఒకటే బుగులు. పసుపు ఉడకవెట్టినప్పుడు గూడ నాకు అంత చెమట రాలే" అన్నాడు.

"నేను ఓడితేనే కదా నీకు మంచిది? దుకాణంల కూసుంట."

"గది పొద్దుగాల్ల మాట. నువ్వు ఆడుతుంటే సూసినంక మనసు మర్లింది" అన్నాడు. "సోమారం ఎక్కడికీ పోకు. నిన్ను ఓడగొట్టింది నేనే కదా, యాడాది ఆడుకో పో." అవతలి కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాను. కాసేపయ్యాక మాత్రం, ఇందులో ఇంకేదైనా మెలిక ఉందా అని కూడా ఆలోచించాను (పుట్టుకతో వచ్చిన బుద్ధి).

మెలిక లేదు. ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం బోధన్ వెళ్లి గోడ సారు దగ్గర ఆడాను. మరుసటి ఏడు నేనే హైదరాబాద్ వెళ్లి, మొదటి రోజే చిత్తుగా ఓడిపోయి, ఎవరూ చెప్పకుండానే వచ్చి మామ దుకాణంలో కూర్చున్నాను. కుర్చీ బాగానే ఉంది, మఖ్మల్ ఉంటే ఇంకా బాగుండేది. నా పెళ్లి కూడా అదే ఫంక్షన్ హాల్లో జరిగింది. ఈసారి పక్క కుర్చీ దొరికింది.

మొన్న నా బిడ్డ, నాలుగో తరగతి, పిల్లల చెస్ పోటీ ఆడింది. నేను వెనక నిలబడి చూస్తున్నాను, అంతే, నోరు మెదపలేదు. కాసేపటికి ఎదుటి పిల్లాడి తల్లి చెయ్యెత్తి నన్ను చూపించింది. కుర్ర నిర్వాహకుడు వచ్చి మర్యాదగా, "సార్, మీరు కర్చీఫ్ ఆ జేబులకెళ్లి ఈ జేబులకు మారుస్తున్నరట. జర బయట కూసోన్రి" అన్నాడు. నేను చేతిలోని కర్చీఫ్ వైపు చూసుకున్నాను. అదెప్పుడు చేతిలోకి వచ్చిందో ఒట్టు, నాకు తెలియదు. దాన్ని జేబులో కుక్కుకుని బయటికి నడిచాను.

మెట్ల మీద బాపు ముందే కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు, అనుభవం మీద ఆయనే లోపలికి రాలేదు. పక్కన చెరుకు రసం గ్లాసు, ఇంకా ముట్టలేదు.

"నిన్ను గూడ ఎల్లగొట్టిన్రా?" అన్నాడు.

"ఎల్లగొట్టిన్రు బాపు."

"లోపట ఎవలకన్న చెమటలు వడ్తున్నయా?"

"లేదు."

"ఐతే కూసో" అని పక్కకు జరిగాడు.